ఎరుగుదునని చేయు సంతకము

మన పాఠశాల విద్యార్థుల తలిదండ్రులలో కొందరు ఇల్లో చేనో అమ్మునప్పుడు గాని తనఖా పెట్టునప్పుడు గాని ఉపాధ్యాయుల యొద్దకు వచ్చి, "అయ్యా, రిజిస్ట్రారు కచేరీలో ఒక సాక్షి సంతకము చేసిపెట్టండి" అని యడుగుచుందురు. నేనును రెండుమూడు పర్యాయములు చేసియున్నాను. ఒకసారి కచేరీ వసారాలో కూర్చున్న యొక ముసలమ్మను చూపి, అమ్మునది ఈమెయే, ఎరుగుదునని చెప్పుడనిరి. నేనామెను అంతకుమున్నెన్నడును చూచియుండలేదు. ఆ మాట చెప్పగా వారు నవ్వి, "ఇది వట్టి వాడుక గదా!" అనిరి. నేను సంతకము చేయక తిరిగివచ్చితిని. చాలకాలము వారు నాతో మాటలాడలేదు.

అది వట్టి వాడుక కాదు. 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము 34వ సెక్షను ప్రకారము, తన యెదుట నిలిచినవాడు దస్తావేజు వ్రాసియిచ్చినవాడే యని అధికారి నమ్మకము కుదుర్చుకొనవలెను. వచ్చువారినందరిని ఆయన యెట్లెరుగును? ఎరిగినవారి మాటపై ఆధారపడును. మరియొకని పేరు పెట్టుకొని వచ్చినవానికే గాక, తెలిసియు అధికారియెదుట అబద్ధమాడిన సాక్షికిని 82వ సెక్షను క్రింద 7 సంవత్సరముల వరకు ఖైదు విధింపవచ్చును.

వేలిముద్ర కథ వినదగినది. 1858లో బంగాళమందలి జంగీపూరులో విలియం హెర్షెల్ అను దొర, ఒక గుత్తదారుడు తరువాత తన సంతకము కాదనకుండునట్లు ఒడంబడిక కాగితముపై అతని అరచేతి ముద్ర వేయించెను. 1877లో హుగ్లీయందు దస్తావేజుల రిజిస్ట్రేషనునకు వ్రేళ్లముద్రలు తీయించెను. 2001లో చేసిన సవరణచే, స్థిరాస్తి అమ్మువాని ఫోటో, వేలిముద్రలతోపాటు కొనువానివియు దస్తావేజుపై ఉండవలెనని యేర్పడెను.

అయినను ఫోటో వచ్చినవాడెవడో చూపునే గాని, భూమి అతనిదే యని చూపదు. కాబట్టి కొనువాడు తానే చేనికిపోయి గట్టుప్రక్క రైతుల నడుగవలెను. ఈసీ తీయించవలెను. మూలదస్తావేజులను కన్నులార చూడవలెను. నకళ్లు మాత్రమే చూపినచో, అసలువి బ్యాంకులో తనఖాగా నున్నవేమో విచారింపవలెను. పవరునామాతో వచ్చినయెడల, అది యిచ్చినవాడు బ్రదికియున్నాడా యని మొదట తెలిసికొనవలెను. అతడు చనిపోయినచో సాధారణముగా ఆ అధికారమును పోవును. ఆధారు కార్డు చూచితిమి గదా యని ఈ పనులు మానుట కూడదు. ఇవన్నియు చేయుటకు ఒకటి రెండు దినములు చాలును; పోయిన పొలమునకై కోర్టులచుట్టు ఏండ్లకొలది తిరుగవలసివచ్చును.

యిర్మీయా అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొనినది సొంత పినతండ్రి కుమారునియొద్దనే. అయినను సాక్షులచేత సంతకములు చేయించి, ఆ క్రయపత్రములను మంటికుండలో భద్రపరపించెను.

పిల్లలారా, ఈ సెలవులలో ఇంటనున్న దస్తావేజును తండ్రిగారి యనుమతితో తీసి చూడుడు. ఎరుగుదుమని సంతకము చేసినవారి పేళ్లు అందుండును. వారెవరో, మీవారికెట్లు పరిచయమో అడిగి తెలిసికొనుడు.