వెదకే యంత్రం మార్చడం

కంప్యూటరులో వ్రాతను దిద్దే ‘ఎడిటర్’ ప్రోగ్రాములకు వెదకడం ముఖ్యమైన పని. వెదకవలసినది ఒక్క మాట కాక నమూనా అయినప్పుడే చిక్కు. ‘రామ లేక రామయ్య’ కనబడిన చోటల్లా ‘భీమయ్య’ అని మార్చమన్నామనుకోండి. విమ్ అనే ఎడిటర్ ముందు వ్రాసిన ‘రామ’తోనే తృప్తిపడుతుంది, రామయ్య కాస్తా ‘భీమయ్యయ్య’ అవుతాడు! పోసిక్స్ ప్రమాణం ప్రకారమైతే అన్నింటికంటె పొడవైన మాటే చెల్లుతుంది. ఏది సరి అన్న వాదం కంటె, వాడేవారు దేనికి అలవాటుపడ్డారన్నదే ప్రధానం. నియమం చెప్పకుండా మారితే యంత్రం మొరాయించదు, వ్రాత మాత్రం చెడుతుంది.

నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మోలెనార్ 1991లో విడుదల చేసిన విమ్, పాత పద్ధతిలో ఒక దారిన పోయి, కుదరకుంటే వెనుకకు వచ్చి మరొకటి పట్టేది. ‘ఉన్నా లేకున్నా సరే’ అనే అక్షరాలు 25 ఉంటే దారులు 3 కోట్లు దాటవచ్చు. అన్ని దారులనూ ఏకకాలంలో అనుసరించే ఉపాయాన్ని కెన్ థాంప్సన్ 1968లోనే ప్రకటించాడు. 2013లో వెలువడిన 7.4 కూర్పు ఆ మార్గాన నడిచే కొత్త యంత్రాన్ని తెచ్చింది. అయితే పాతదానిని తీసివేయలేదు. కొత్తదానికి లొంగని నమూనా పాతదానికి పోతుంది. కోరినవారు నమూనా మొదట ఒక గుర్తు పెట్టి తమకు నచ్చిన యంత్రాన్నే పిలుచుకోవచ్చు. రెండింటినీ పోషించడం భారమే. కాని ఏళ్ళ తరబడి ఇతరులు వ్రాసుకున్న ఆదేశాలను చెరపడం కంటె ఆ భారమే నయం. ముందు వ్రాసినదే ముందు అన్న నియమమూ చెక్కుచెదరలేదు. రామయ్యను రామకు ముందు వ్రాసుకోవడం నేటికీ వాడేవారి పనే.