వాచీ వెనక్కి తిప్పి చూడండి

పదో తరగతి ఫలితాలు రావడానికీ, జూన్‌లో బడులు తెరవడానికీ మధ్య వాచీ దుకాణాలకి ఓ చిన్న సీజను ఉంటుంది. మేనమామలు, బాబాయిలు, తాతయ్యలు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. ఆ సీజను దాటిపోకముందే 'పిల్లలకి ఏ వాచీ కొనాలి' అని ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్ గారు. బుధవారం సాయంత్రానికల్లా పేజీలు వెళ్లిపోవాలన్నారు. బ్రాండ్లూ ధరలూ వరసగా పట్టిక వేసి ఇవ్వడానికి ఎంతో సేపు పట్టదు. కానీ విజయవాడ బీసెంట్ రోడ్డులో వాచీలు బాగుచేసే ఓ పెద్దాయన బల్ల ముందు కూర్చున్నాక, ఆ పట్టిక కన్నా ముందు చెప్పాల్సిన సంగతి ఒకటి దొరికింది. అందుకే ఈ కథనంలో ఎక్కువ చోటు వాచీ వెనక మూతకే ఇస్తున్నాను.

దుకాణంలో వాచీని మనకి ముఖం వైపే చూపిస్తారు. అద్దాల బీరువాలో స్పైడర్‌మ్యాన్, బార్బీ, ఛోటా భీమ్ వరసగా నవ్వుతూ ఉంటారు. పిల్లలు బొమ్మ చూసి వేలు పెడతారు, పెద్దవాళ్లు ధర చీటీ చూస్తారు, బిల్లు అయిపోతుంది. బాగుచేసే మనిషి పద్ధతి వేరు. వాచీ చేతికి రాగానే బోర్లా తిప్పుతాడు. కంటికి భూతద్దం బిగించి, ఆ గుండ్రటి మూత అంచున చీమ తలకాయలంత అక్షరాల్లో చెక్కిందేమిటో చదువుతాడు. ఆ నాలుగు ముక్కల్లోనే వాచీ దేనితో చేశారో, ఎంత నీటికి ఓర్చుకుంటుందో తెలిసిపోతుంది.

నేను వెళ్లిన రోజు ఆయన బల్ల మీద పిల్లల వాచీలు రెండున్నాయి. మొదటిదాని వెనక 'స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్' అని ఉంది. చదవగానే వాచీ అంతా స్టీలే అనిపిస్తుంది. అసలు సంగతి, వెనక మూత ఒక్కటే స్టీలు. చుట్టూ ఉన్న చట్రం ఇత్తడిదో, జింకు కలిపిన చవక లోహానిదో అయివుంటుంది. దాని మీద తళతళలాడేది పూత. కొన్ని కంపెనీలు 'బేస్ మెటల్' అన్న మాట కూడా పక్కనే చెక్కిస్తాయి కాబట్టి దాచారని అనలేం, మనమే చదవం. "ఇక్కడ చూడండమ్మా" అని ఆయన భూతద్దం నా చేతికిచ్చారు. కీ పక్కన, వేలు మాటిమాటికీ తగిలే చోట, పూత లేచిపోయి లోపలి పసుపు రంగు బయటపడింది. ఆ వాచీ పెట్టుకున్న పాప మణికట్టు మీద ఎర్రటి పొక్కులు వచ్చాయని వాళ్లమ్మ బెల్టు మార్పించడానికి తెచ్చిందట. తప్పు బెల్టుది కాకపోవచ్చని ఆయన అనుమానం.

ఆ అనుమానానికి ఆధారం ఉంది. ఇలాంటి పూతల అడుగున నికెల్ పొర వేయడం మామూలు. పై పూత అరిగితే, చెమటకి నికెల్ కరిగి చర్మానికి అంటుతుంది. అది పడనివాళ్లకి దురద, దద్దుర్లు వస్తాయి. ఒకసారి పడకపోవడం మొదలైతే అది సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది. అందుకే యూరప్‌లో, చర్మానికి ఎక్కువసేపు తగిలి ఉండే వస్తువుల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకి 0.5 మైక్రోగ్రాములకి మించి నికెల్ బయటికి రాకూడదని పరిమితి పెట్టారు. మే నెల ఎండలో, ఆటల్లో చెమటోడ్చే మన పిల్లల చేతికి ఈ విషయం ఇంకా ముఖ్యం. కనుక మూత మీద 'ఆల్ స్టెయిన్‌లెస్ స్టీల్' అని ఉన్నదైనా తీసుకోండి, లేదా చట్రం గట్టి ప్లాస్టిక్‌తో చేసినదైనా తీసుకోండి. ప్లాస్టిక్ అంటే చవకబారు అని చాలామంది మొహమాటపడతారు. పిల్లల చేతికి అది తేలిక, చల్లన, చెమటకి చెక్కుచెదరదు. ఆ మొహమాటం అక్కర్లేదు.

రెండో వాచీ అద్దం లోపల ఆవిరి పట్టింది. కొనేటప్పుడు 'నీళ్లలో తడిసినా ఏం కాదు' అన్నారట, బాబు దాంతోనే ఈతకి వెళ్లాడు. మూత మీద '3 బార్' అని ఉంది. కొన్నిటి మీద ఇదే '30 మీటర్లు' అని ఉంటుంది. ముప్పై మీటర్ల లోతు అంటే తాటిచెట్టు మునిగేంత, ఇక ఈత ఒక లెక్కా అనుకుంటాం. ఆ అంకె లోతుది కాదు. కొత్త వాచీని కదలకుండా ఉంచి ప్రయోగశాలలో పెట్టే ఒత్తిడికి అది కొలత. చేయి విసురుగా నీళ్లలో కొట్టడం, వేడినీళ్లు, సబ్బు, ఏడాది పాతబడ్డ రబ్బరు రింగు, ఇవేవీ ఆ లెక్కలో లేవు. 3 బార్ అంటే వాన చినుకులకీ, చేతులు కడుక్కునేటప్పుడు పడే తుంపర్లకీ సరిపోతుంది. అంకె లేకుండా ఉత్త 'వాటర్ రెసిస్టెంట్' అని ఉన్నా అంతే. 5 బార్ ఉంటే తేలికపాటి ఈతకి పనికొస్తుందని కంపెనీలు చెబుతాయి. 10 బార్ ఉంటే పిల్లాడు ఈత కొలనులో దిగినా నిశ్చింతగా ఉండొచ్చు. ఏదైనా సరే, నీళ్లలో ఉండగా కీ లాగకూడదు, బటన్లు నొక్కకూడదు. సెల్లు మార్పించినప్పుడల్లా రబ్బరు రింగు కూడా చూడమని అడగండి. పది రూపాయల రింగు వాచీని కాపాడుతుంది.

మూత అంచున చిన్న గాడి ఉందా, బుల్లి స్క్రూలు ఉన్నాయా అన్నది కూడా చూడాలి. తెరవడానికి దారి లేని వాచీలు బజార్లో ఉన్నాయి. సెల్లు అయిపోయిన రోజున వాటి ఆయువు తీరినట్టే. ఏడేళ్ల పిల్లకి 'నీ వాచీ చచ్చిపోయింది, పారేద్దాం' అని చెప్పాల్సి రావడం నాకు ఇష్టం లేదు. 377 అనో, ఎస్సార్ 626 అనో పిలిచే సెల్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. అలాంటిది పట్టే వాచీ కొంటే, ఆగిన వస్తువు మళ్లీ నడుస్తుందని పిల్లలు కళ్లారా చూస్తారు. వారంటీ కార్డు కూడా దుకాణంలోనే చదవండి. చాలావాటిలో వారంటీ మెషీన్‌కే. అద్దం, బెల్టు, సెల్లు, నీళ్లు దిగడం దాని కిందికి రావు. పిల్లల చేతిలో పాడయ్యేవి సరిగ్గా ఆ నాలుగే.

చిన్న ముల్లు కదిలినప్పుడు

మా అక్క మనవరాలు మూడో తరగతిలోకి వచ్చింది. బళ్లో అట్టముక్క గడియారంతో టైము చూడటం నేర్పారు. గోడ గడియారం నాలుగూ యాభై చూపిస్తుంటే టైమెంతే అని అడిగాను. "ఐదూ యాభై, చిన్నమ్మమ్మా" అంది. ఆ జవాబులో తర్కం ఉంది. చిన్న ముల్లు దాదాపు ఐదు మీదే ఉంది, పెద్ద ముల్లు పది మీద ఉంది. అట్ట గడియారంలో రెండు ముళ్లూ దేనికది విడిగా తిరుగుతాయి. ఐదూ యాభై పెట్టమంటే పిల్లలు చిన్న ముల్లుని సరిగ్గా ఐదు మీద పెట్టి, పెద్దదాన్ని పది మీద పెడతారు. అసలు గడియారంలో అలాంటి స్థితి ఎప్పుడూ రాదు.

నా చేతి వాచీ తీసి, కీ బయటికి లాగి, తన చేతికిచ్చాను. నాలుగు గంటల దగ్గర మొదలుపెట్టి మెల్లగా తిప్పమన్నాను. పెద్ద ముల్లు మూడు దాటింది, ఆరు దాటింది. "చిన్నది కూడా కదులుతోందే!" అని ఆగిపోయింది. మళ్లీ వెనక్కి తిప్పింది. మళ్లీ ముందుకి. పెద్దది ఒక చుట్టు తిరిగేసరికి చిన్నది ఒక అంకె నుంచి పక్క అంకెకి జరుగుతుందని తనే లెక్క పట్టింది. నాలుగూ యాభై దగ్గర ఆపి, చిన్న ముల్లుని గోటితో చూపించి, "ఇది ఇంకా ఐదుకి వెళ్లలేదు కదా, అయితే నాలుగే" అంది. లోపలి పళ్ల చక్రాలు ఒకటికి పన్నెండు చొప్పున రెండు ముళ్లనీ కట్టిపడేశాయి కాబట్టి ఇది సాధ్యమైంది. అట్టముక్క చేయలేని పని అది. అంకెల వాచీ కూడా చేయలేదు, ఎందుకంటే అందులో 4:50 అని రాసే ఉంటుంది, పిల్ల ఆలోచించాల్సింది ఏమీ మిగలదు.

అందుకే ఆరు నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లలకి ముళ్ల వాచీయే కొనండని గట్టిగా చెబుతాను. పన్నెండు అంకెలూ ఉండాలి, రోమన్ అంకెలు వద్దు. వాటి బయట వరసలో 5, 10, 15 అని నిమిషాలు కూడా అచ్చయి ఉంటే మరీ మంచిది. రెండు ముళ్లూ రెండు రంగుల్లో, పొడవులో తేడా కొట్టొచ్చినట్టు ఉండాలి. స్విట్జర్లాండ్ వారి ఫ్లిక్ ఫ్లాక్ 1987 నుంచి చేస్తున్నది ఇదే. అందులో నిమిషాల ముల్లు అన్నయ్య, గంటల ముల్లు చెల్లెలు. టైమెక్స్ పిల్లల వాచీలు కొన్నిటిలో ఏది గంటలదో, ఏది నిమిషాలదో ముళ్ల మీదే రాసి ఉంటుంది. మన దగ్గర టైటాన్ వారి జూప్‌లో రకాలు చాలా ఉన్నాయి, కానీ వాటిలోనూ బొమ్మ నిండిపోయి అంకెలు కనిపించనివి పక్కన పెట్టండి. బొమ్మ మీద మోజు ఆర్నెల్లలో పోతుంది. బొమ్మ బెల్టు మీద ఉంటే ఇబ్బంది లేదు, బెల్టు మార్చొచ్చు.

కొలత మాట. దుకాణంలోనే చేతికి పెట్టి చూడండి. బెల్టు తగిలించే చివర్లు మణికట్టు దాటి బయటికి పొడుచుకు రాకూడదు. బెల్టు బిగించాక ఒక వేలు దూరాలి. 'పెరిగే పిల్లాడు కదా' అని పెద్ద సైజు కొంటే అది చొక్కాకి తట్టుకుంటుంది, బల్లకి కొట్టుకుంటుంది, చివరికి బీరువాలో చేరుతుంది.

చరిత్ర గబగబా చెప్పాలంటే: మిక్కీ మౌస్ చేతులే ముళ్లుగా ఇంగర్‌సోల్ వాచీ 1933లో వచ్చింది. మన దేశంలో హెచ్ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది. కీ ఇచ్చే 'జనతా' ఎన్ని తెలుగు పెళ్లిళ్లలో అల్లుళ్ల చేతికెక్కిందో లెక్కలేదు. 1969లో సీకో క్వార్ట్జ్ వాచీ తెచ్చింది. సెకనుకి 8,192 సార్లు కంపించే స్ఫటికం అందులో గుండె. 1980ల్లో అదే సీకో సహకారంతో హైదరాబాద్ ఆల్విన్ మన గడ్డ మీదే వాచీలు చేసింది. 1984లో పుట్టిన టైటాన్ హోసూరు నుంచి బజారుని మార్చేసింది. ఆల్విన్ వాచీలు కనుమరుగయ్యాయి. హెచ్ఎంటీ వాచీల విభాగం మూతకి 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

పదేళ్లు దాటాక అంకెల వాచీ ఇవ్వొచ్చు. నా ఓటు క్యాసియో ఎఫ్-91డబ్ల్యూకి. 1989 నుంచి రూపం మారలేదు. బరువు 21 గ్రాములు, సెల్లు ఏడేళ్లు వస్తుందని కంపెనీ మాట. అలారం, స్టాప్‌వాచ్ ఉన్నాయి. పరుగు పందేలకి స్టాప్‌వాచ్ దొరికితే పిల్లలు వదలరు. దీనికి నకిలీలు ఎక్కువ. కుడివైపు బటన్ ఓ మూడు సెకన్లు నొక్కిపట్టి ఉంచండి, తెర మీద కంపెనీ పేరు రావాలి. రాకపోతే కొనకండి. పేరు కనిపించినంత మాత్రాన అసలుదేనని కూడా అనుకోవద్దు, నమ్మకమైన దుకాణంలోనే తీసుకోండి.

సిమ్ కార్డు వేసే పిల్లల స్మార్ట్‌వాచీల మీద మాత్రం నాకు నమ్మకం కుదరలేదు. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లే తల్లిదండ్రుల భయం నాకు అర్థమవుతుంది. పిల్ల ఆటో దిగిందో లేదో తెలుసుకోవాలని ఎవరికుండదు? కానీ 2017 అక్టోబరులో నార్వే వినియోగదారుల మండలి ఇలాంటి వాచీల్ని పరీక్షించి, కొన్నిటిలోకి బయటివాళ్లు చొరబడి పిల్లలు ఎక్కడున్నారో చూడగలరని తేల్చింది. మరుసటి నెలలోనే జర్మనీ టెలికాం నియంత్రణ సంస్థ, పిల్లల చుట్టూ జరిగే మాటల్ని చాటుగా వినే సదుపాయం ఉన్న వాచీల అమ్మకాన్ని నిషేధించింది. కొన్నవాళ్లని వాటిని ధ్వంసం చేయమంది. తరగతి గదిలో టీచర్లు ఏం చెబుతున్నారో వినడానికి కూడా తల్లిదండ్రులు వాటిని వాడుతున్నారని తేలింది. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. కొనే ముందు ఆ వివరాలు ఏ దేశపు సర్వర్లకి వెళ్తాయో దుకాణంవాళ్లని అడిగి చూడండి. జవాబు రాకపోతే కొనకండి. తప్పదనుకుంటే అది భద్రత కోసం కొన్న పరికరమని పిల్లకి చెప్పి ఇవ్వండి. పుట్టినరోజు కానుకగా మాత్రం ఇవ్వకండి. కానుక పుచ్చుకున్నవాళ్లది కావాలి, ఇచ్చినవాళ్ల కాపలా కాకూడదు.

సెల్లు మింగితే

మెరిసే లైట్ల బొమ్మ వాచీల్లో సెల్లు మూత స్క్రూ లేకుండా గోటితోనే ఊడి రావచ్చు. ఇంట్లో ఐదేళ్ల లోపు పిల్లలుంటే అలాంటిది గుమ్మం దాటి రానివ్వకండి. నాణెమంత లిథియం సెల్లు గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేస్తుంది. మింగారని అనుమానం వస్తే వాంతి చేయించకండి. ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి అప్పటికప్పుడు తీసుకెళ్లండి. మార్పించిన పాత సెల్లు కూడా ప్రమాదమే, దుకాణంలోనే ఇచ్చేయండి.

చీకట్లో మెరిసేది

చీకట్లో మెరిసే ప్రతిదాన్నీ మనం రేడియం అంటాం. నేటి వాచీల్లో ఉండేది రేడియం కాదు, వెలుతురు పీల్చుకుని మెల్లగా వదిలే రంగు. దానికి భయపడక్కర్లేదు. 1970కి ముందునాటి పాత విదేశీ వాచీల్లో మాత్రం నిజం రేడియం ఉండొచ్చు. ముత్తాతగారిది అలాంటిది ఉంటే పిల్లల చేత మూత తీయించకండి, గీకనివ్వకండి.

పరీక్ష హాలుకి

ఇంటర్ పిల్లలకి 'పరీక్షల్లో పనికొస్తుంది' అని ఖరీదైన వాచీ కొనేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. నీట్‌కి, జేఈఈ మెయిన్‌కి చేతి వాచీలు హాల్లోకి రానివ్వరు. నీట్‌కి గదిలో గోడ గడియారం పెడతారు. జేఈఈ కంప్యూటర్ తెర మీద మిగిలిన సమయం కనిపిస్తుంది. వాచీ వాళ్లకి ఉపయోగపడేది ఇంట్లో నమూనా పరీక్షలు రాసుకునేటప్పుడు. ఆ పనికి సెకన్ల ముల్లున్న మామూలు వాచీ చాలు.