జారిన క్షణం తిరిగి రాదు

పెండ్లి పందిట్లో పురోహితునితో సమానంగా ముహూర్తాన్ని కనిపెట్టుకొని ఉండవలసినవాడు మరొకడున్నాడు. అతడే ఫోటోగ్రాఫరు. పురోహితుడు మంత్రాన్ని మరల చదవగలడు. ఫోటోగ్రాఫరుకు జారిన క్షణం తిరిగి రాదు.

సూరత్‌లో ఈ వృత్తి మరింత జాగరూకతను కోరుతుంది. తపతీ తీరాన వెలసిన ఈ బట్టల నగరానికి తెలంగాణ జిల్లాల నుండి ఎన్నో పద్మశాలీ కుటుంబాలు మగ్గాల పనికై తరలివచ్చాయి. లింబాయత్ వంటి పేటలలో వీధివీధినా తెలుగు మాట వినిపిస్తుంది. కనుక ఇక్కడి ఫోటోగ్రాఫరుకు ఒకనాడు గుజరాతీ పెండ్లి, మరునాడు తెలుగు పెండ్లి.

గుజరాతీ పెండ్లిలో గుమ్మం వద్ద అత్తగారు అల్లుని ముక్కు పట్టుకొనే వేడుక రెప్పపాటులో ముగుస్తుంది. తెలుగు పెండ్లికి ప్రాణం జీలకర్ర బెల్లం. ఆ క్షణాన సన్నాయి జోరందుకుంటుంది, అక్షతలు కురుస్తాయి, బంధువులు ఒక్కుమ్మడిగా లేచి ముందుకు వస్తారు. ముందుగానే ఎత్తైన పీట వేసుకొననివానికి వీపులే మిగులుతాయి. మధుపర్కాల తెలుపు మరొక చిక్కు. మరీ దగ్గరగా ఫ్లాష్ వెలిగిస్తే అంచు తప్ప నేత కనిపించదు. నేతపనివారి ఇంట అది చిన్న లోపం కాదు.

అన్నిటికంటె పెద్ద బాధ్యత వేరొకటి ఉన్నది. ప్రయాణం చేయలేక స్వగ్రామంలోనే ఉండిపోయిన నాయనమ్మకు పెండ్లి అంటే ఆ ఆల్బమే. ఆమె కండ్లు మొదట వెదికేది మంగళసూత్రాన్ని కాదు. ఎవరెవరు వచ్చారు, ఎవరి ముఖం చిక్కిపోయింది, ఎవరి పిల్లలు ఎంత ఎదిగారు అని ఆమె చూస్తుంది. చుట్టకు 36 చిత్రాలే దొరికే ఫిల్ము రోజులలో కూడా అనుభవజ్ఞుడు కొన్నిటిని పెండ్లిపీటలకు దూరంగా, బంతిలో కూర్చున్నవారి కొరకు దాచుకొనేవాడు. నేడు సెల్‌ఫోనులో వందల బొమ్మలు తీసేవారు కూడా ఆ ముఖాలనే మరచిపోతుంటారు.

తీయడంతో పని తీరదు. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుండి విడిచిన వరదనీరు సూరత్‌లో అధికభాగాన్ని ముంచివేసింది. అటువంటి వరద ఆల్బమును ముంచినప్పుడు తడిసి అంటుకొన్న ఫోటోలను ఎండబెట్టి లాగితే బొమ్మ ఊడివస్తుంది. వాటిని శుభ్రమైన చల్లని నీటిలో ఉంచి, మెల్లగా విడదీసి, బొమ్మవైపు వ్రేలు తగలకుండా, ముఖం పైకి ఉండేట్లు నీడలో ఆరబెట్టడమే మార్గం. ఆలస్యమైతే అదీ పనిచేయదు.

అంతకంటె తేలికైన ఉపాయం ఒకటున్నది. పెండ్లివారు రెండు ప్రతులు తీయించి, ఒకటి సూరత్‌లో ఉంచుకొని, రెండవది వెంటనే స్వగ్రామానికి పంపించాలి. వరద ఒక ఇంటిని ముంచినా రెండవ ఇంట పెండ్లి నిలిచి ఉంటుంది. నాయనమ్మకు చూపవలసినదీ ఆలస్యం లేక చేరుతుంది.