మడ అడవి బురదలోని కాపురములు

పెద్దతిప్పసముద్రము వైపు శ్రోతలకు సముద్రమన్న మాట క్రొత్త కాదు. ఆ సీమలో ఊరిపేరు చివరనుండు సముద్రము పెద్ద చెరువునకు చెల్లు పేరు. చెరువు దిగినప్పుడు బురదలో నత్తలను, ఎండ్రకాయలను చూచియే యుందురు. ఉప్పునీటి బురద కథ ఇంతకంటె విచిత్రము.

కాకినాడ చెంత, గోదావరి కడలిలో కలియుచోట, కోరింగ మడ అడవి గలదు. 1978లో దానిని అభయారణ్యముగా ప్రకటించిరి. దినమునకు రెండుమారులు పోటునకు మునిగి తేలు ఆ నేలకు వెన్నెముక లేని జీవులే అసలు కాపులు. ఒక డెక్క మాత్రము పెద్దదిగా గల మగపీత (మీ ఎండ్రకాయకు చుట్టమే) దానిని ఊపి ఆడుదానిని పిలుచును. మరికొన్ని పీతలు రాలిన ఆకులను బొరియలలోనికి ఈడ్చుకొనిపోవును. ఆ బొరియల వెంటనే గాలియు నీరును లోతునకు దిగును.

వెనుక అడవిని మొదలంట నరికిన చోట్ల నేల క్రుంగి, పోటునీరు నిలిచి, ఎండకు ఆవిరియై, ఉప్పు పేరుకొన్నది. అచట నాటిన మొక్క బ్రదుకదు. 1990ల చివర అటవీశాఖ, స్వామినాథన్ పరిశోధన సంస్థ, గ్రామస్థులు కలిసి చేపముల్లు ఆకృతిలో కాలువలు త్రవ్వి, నీటికి రాకపోకలు కల్పించి మడ నాటిరి.

చెట్టు పచ్చబడినంతనే అడవి తిరిగివచ్చినట్లా? ఇట్లు పునరుద్ధరించిన ఉప్పునేలలను పలు దేశములలో పరిశీలించిరి. నీట తేలు పిల్లలుగల పీతలు, కొన్ని నత్తలు పోటుతో త్వరగా చేరును. గ్రుడ్లను మట్టిలోనే పెట్టు సన్నని ఎర్రలు ఏండ్లకు గాని రావు. ఆకు కుళ్లి నేల సారవంతమగువరకు వాటికి తిండియు లేదు. కావున మొక్కల లెక్క చాలదు. చేటెడు బురద తీసి జల్లించవలెను. ప్రక్కనున్న పాత మడ బురదను సైతము జల్లించి సరిచూచినగాని లెక్క తేలదు.