మందుల లోకంలో మేటి రికార్డులు

కొత్త మందు ప్రయోగశాలలో పుట్టి మందుల షాపుకు చేరడానికి మామూలుగా పది పదిహేనేళ్లు పడుతుంది. మనుషుల మీద పరీక్షల దాకా వచ్చిన ప్రతి పది మందుల్లోనూ తొమ్మిది ఆమోదం పొందకుండానే ఆగిపోతాయి. ఇంత కష్టమైన రంగంలో గత అయిదారేళ్లుగా పాత రికార్డులు వరసగా బద్దలవుతున్నాయి. నెలల్లో తయారైన టీకాలు, ఒక్క బిడ్డ కోసమే చేసిన మందు, కోట్లు పలికే చికిత్సలు... ఇలా ఎన్నో. మందు ఎంత త్వరగా వచ్చింది, ఎంత ధర పలికింది అన్నవాటితో పాటు ఎంతమందికి అందింది అన్నదాన్నీ ఇక్కడ రికార్డుగానే లెక్కపెడదాం. మందుకు అసలు పరీక్ష అదే.

అతి వేగంగా వచ్చిన టీకా

2020 జనవరి రెండో వారంలో చైనా శాస్త్రవేత్తలు కరోనా వైరస్ జన్యుక్రమాన్ని లోకానికి వెల్లడించారు. అదే ఏడాది డిసెంబర్ 2న ఫైజర్-బయోఎన్‌టెక్ టీకాకు బ్రిటన్ అత్యవసర అనుమతి ఇచ్చింది. డిసెంబర్ 8న కొవెంట్రీ నగరంలోని ఆసుపత్రిలో 90 ఏళ్ల వృద్ధురాలికి తొలి సూది వేశారు. అంటే పదకొండు నెలలు కూడా పట్టలేదు. అంతకుముందు రికార్డు గవదబిళ్లల టీకాది. 1963లో మారిస్ హిల్‌మన్ అనే శాస్త్రవేత్త, గవదలతో బాధపడుతున్న తన కూతురి గొంతు నుంచి నమూనా తీసి, దాన్నుంచే 1967కల్లా టీకా తెచ్చారు. నాలుగేళ్లంటేనే అప్పట్లో అందరూ ముక్కున వేలేసుకున్నారు.

కరోనా టీకా వేగానికి పునాది 2005లోనే పడింది. ఈ టీకాలో ఉండేది ఎంఆర్ఎన్ఏ, అంటే ప్రొటీన్ ఎలా తయారుచేయాలో కణానికి చెప్పే సందేశం. బయటి నుంచి ఎంఆర్ఎన్ఏను పంపితే శరీరం దాన్ని శత్రువుగా చూసి దాడి చేస్తుంది. అందులోని ఒక అక్షరాన్ని కాస్త మారిస్తే దాడి తగ్గుతుందని కాటలిన్ కారికో, డ్రూ వీస్‌మన్ చూపించారు. నిధులు దొరక్క కారికో ఏళ్ల తరబడి ఇబ్బంది పడ్డారు. 2023లో వారిద్దరికీ నోబెల్ వచ్చింది. ఆ పాత పని సిద్ధంగా ఉండబట్టే పదకొండు నెలల్లో టీకా వచ్చింది.

ఒకే ఒక్క బిడ్డ కోసం ఆరు నెలల్లో

2024 ఆగస్టులో అమెరికాలో పుట్టిన ఒక మగబిడ్డకు సీపీఎస్1 లోపం ఉందని తేలింది. దాదాపు 13 లక్షల మందిలో ఒకరికి వచ్చే జబ్బు ఇది. మనం తిన్న ప్రొటీన్ అరిగేటప్పుడు అమ్మోనియా పుడుతుంది. కాలేయం దాన్ని యూరియాగా మార్చి బయటికి పంపేస్తుంది. ఈ బిడ్డ కాలేయంలో ఆ పని మొదలుపెట్టే ఎంజైమే పనిచేయదు. అమ్మోనియా రక్తంలో పేరుకుని మెదడును దెబ్బతీస్తుంది. కాలేయ మార్పిడి దాకా బతికి ఉండటమే గండం.

ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి డాక్టర్ రెబెకా ఆరెన్స్-నిక్లస్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన కిరణ్ ముసునూరు కలిసి, ఆ బిడ్డ జన్యువులో తప్పిన ఒక్క అక్షరాన్ని సరిచేసే మందును ఆరు నెలల్లో తయారుచేయించారు. పుస్తకంలో అచ్చుతప్పు దిద్దినట్టు, మిగతా రాత జోలికి పోకుండా ఆ ఒక్క అక్షరాన్నే మార్చే పద్ధతి ఇది. మందును కాలేయానికి మోసుకెళ్లింది కొవ్వుతో చేసిన అతి సూక్ష్మ కణాలు. కరోనా టీకాలోనూ ఎంఆర్ఎన్ఏకు వాహనం ఈ తరహా కణాలే. దరఖాస్తు అందిన వారంలోపే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. 2025 ఫిబ్రవరిలో తొలి డోసు, ఆ తర్వాత మరో రెండు డోసులు ఇచ్చారు. బిడ్డ మునుపటి కంటే ఎక్కువ ప్రొటీన్ తీసుకోగలుగుతున్నాడు. జూన్‌లో ఇంటికి వెళ్లాడు. అరుదైన జబ్బుల పిల్లల తల్లిదండ్రులకు ఇది మాటల్లో చెప్పలేని ధైర్యం.

అతి ఖరీదైన చికిత్స

2024 మార్చిలో అమెరికాలో అనుమతి పొందిన లెన్‌మెల్డీ ధర 42.5 లక్షల డాలర్లు. అప్పటి మారకం లెక్కన సుమారు 35 కోట్ల రూపాయలు. నరాల మీది రక్షణ పొరను నాశనం చేసే ఒక జన్యు వ్యాధికి ఇది చికిత్స. పిల్లల రక్తంలోని మూలకణాలనే బయటికి తీసి, సరైన జన్యువును చేర్చి, తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తారు. జీవితంలో ఒక్కసారి చేస్తే చాలు. దీనికి ముందు 35 లక్షల డాలర్లతో హెమ్‌జెనిక్స్ ఈ రికార్డు నెలకొల్పింది. హీమోఫీలియా-బి రోగులకిచ్చే ఆ మందుకు 2022లో అనుమతి వచ్చింది.

తెలుగువారికి బాగా గుర్తున్నది జోల్‌జెన్‌స్మా. వెన్నులోని నాడీకణాలు క్షీణించి కండరాలు చచ్చుబడే ఎస్ఎంఏ వ్యాధికి ఇచ్చే ఈ మందు 2019లో 21.25 లక్షల డాలర్ల ధరతో వచ్చింది. 2021లో హైదరాబాద్‌లో ఒక పసివాడికి ఈ ఇంజెక్షన్ ఇవ్వడానికి వేలాది మంది తలా కొంత వేసి 16 కోట్ల రూపాయలు పోగుచేశారు. కేంద్రం దిగుమతి సుంకం వదులుకుంది. దాతల మనసు గొప్పదే. కానీ ఒక బిడ్డ ప్రాణం చందాల మీద ఆధారపడే పరిస్థితి ఏ సమాజానికీ మంచిది కాదు.

పదో వంతుకు దిగిన క్యాన్సర్ చికిత్స

రోగి రక్తంలోని టి-కణాలను తీసి, క్యాన్సర్ కణాలను గుర్తుపట్టేలా మార్చి, తిరిగి ఎక్కించే చికిత్స పేరు కార్-టి. కొన్ని రకాల రక్తక్యాన్సర్లలో మిగతా చికిత్సలన్నీ విఫలమైనప్పుడు ఇది ఆదుకుంటుంది. అమెరికాలో ఒక్క మందుకే మూడు నుంచి నాలుగు కోట్ల రూపాయల దాకా అవుతుంది. బొంబాయి ఐఐటీ, టాటా మెమోరియల్ ఆసుపత్రి, ఇమ్యునోయాక్ట్ సంస్థ కలిసి తెచ్చిన నెక్స్‌కార్19 మన దేశపు తొలి కార్-టి చికిత్స. 2023 అక్టోబర్‌లో అనుమతి వచ్చింది. ఖర్చు విదేశాల్లో అయ్యేదానిలో సుమారు పదో వంతు. అదీ సామాన్యుడికి భారమే అయినా, దిగిన మెట్లు చాలానే ఉన్నాయి.

బల్లి, నత్త, పాము ఇచ్చిన మందులు

గిలా మాన్‌స్టర్ అమెరికా ఎడారుల్లో తిరిగే విషపు బల్లి. తిండి తిన్నాక మన పేగుల్లో పుట్టే జీఎల్‌పీ-1 హార్మోన్ చక్కెరను అదుపులో పెడుతుంది, కానీ రెండు మూడు నిమిషాల్లోనే కరిగిపోతుంది. ఈ బల్లి విషంలో అలాంటి పదార్థమే ఉందని, అది గంటల తరబడి నిలుస్తుందని జాన్ ఎంగ్ 1992లో గుర్తించారు. దాన్నుంచే 2005లో ఎక్సెనటైడ్ అనే మధుమేహ మందు వచ్చింది. ఈ దారి తెరుచుకున్నాక, మనిషి హార్మోన్‌నే మార్చి వారం రోజులు పనిచేసేలా చేసిన సెమాగ్లూటైడ్ (మధుమేహానికి, బరువు తగ్గడానికి ఇచ్చే మందు) ఇప్పుడు ప్రపంచాన్ని ఊపేస్తోంది.

చేపలను విషపు ములుకుతో కొట్టి తినే కోన్ నత్త నుంచి జికోనటైడ్ అనే నొప్పి మందు వచ్చింది. 2004లో అమెరికాలో అనుమతి పొందిన దీన్ని వెన్నులోని ద్రవంలోకి చిన్న పంపుతో నేరుగా పంపిస్తారు. బ్రెజిల్ పింజర జాతి పాము విషం మీద పరిశోధన క్యాప్టోప్రిల్ అనే బీపీ మాత్రకు దారితీసింది. పేరు చివర 'ప్రిల్' ఉండే బీపీ మందులన్నీ ఆ కుటుంబానివే.

వంటింటి ఫ్రీజర్‌లో బతికిన మందు

పసిఫిక్ మహాసముద్రంలో ఒంటరిగా ఉన్న ఈస్టర్ దీవి అసలు పేరు రాపా నుయి. కెనడా బృందం 1964-65లో అక్కడి మట్టి నమూనాలు తెచ్చింది. అందులోని సూక్ష్మజీవి నుంచి మాంట్రియల్ ప్రయోగశాలలో సురేంద్రనాథ్ సెహగల్ రాపమైసిన్‌ను వేరుచేశారు. దీవి పేరే మందుకు వచ్చింది. 1983లో ఆ ప్రయోగశాల మూతపడి పరిశోధన ఆగిపోయింది. సెహగల్ మాత్రం ఆ సూక్ష్మజీవుల నమూనాను ఇంటికి తీసుకెళ్లి ఫ్రీజర్‌లో భద్రంగా దాచారు. తర్వాత పని మళ్లీ మొదలైంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారి శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించకుండా ఇచ్చే మందుగా 1999లో దానికి అనుమతి వచ్చింది. ముసలి ఎలుకలకు ఇస్తే వాటి ఆయుష్షు పెరిగిందని 2009లో తేలాక, వయసు మీద పరిశోధనల్లోనూ దీని పేరు మొదటి వరసలో నిలిచింది.

అతి శక్తిమంతమైన విషమే మందు

మనిషికి తెలిసిన విషాల్లో బోటులినమ్‌ను మించింది లేదు. పాడైన డబ్బా ఆహారంలో పెరిగే బ్యాక్టీరియా దీన్ని తయారుచేస్తుంది. నరాల నుంచి కండరాలకు వెళ్లే సంకేతాన్ని ఆపేయడం దీని పని. దాన్నే లేశమాత్రంగా వాడి మెల్లకన్ను సరిచేయవచ్చని శాన్‌ఫ్రాన్సిస్కో కంటి డాక్టర్ అలన్ స్కాట్ నిరూపించారు. 1989లో అనుమతి దొరికింది. ముడతలు పోగొట్టే బొటాక్స్‌గానే జనానికి తెలిసినా, పక్షవాతం తర్వాత బిగుసుకుపోయే కండరాలకు, వదలని మైగ్రేన్‌కు కూడా ఇది మందే.

మూడు రోజుల్లో పది కోట్ల అణువులు

మందులకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతున్నాయి, కొత్త యాంటీబయాటిక్స్ పెద్దగా రావడం లేదు. ఈ ఇరకాటంలో ఎంఐటీ శాస్త్రవేత్త జేమ్స్ కాలిన్స్ బృందం కృత్రిమ మేధను రంగంలోకి దించింది. సుమారు 2,300 పదార్థాల గుణాలు నేర్పి, మధుమేహం కోసం పరిశీలించి వదిలేసిన ఒక అణువులో యాంటీబయాటిక్ గుణాన్ని పట్టుకుంది. దానికి హాలిసిన్ అని పేరు పెట్టి 2020లో ప్రకటించారు. చాలా మందులకు లొంగని బ్యాక్టీరియాను అది ఎలుకల్లో తుడిచిపెట్టింది. ఆ తర్వాత అదే పద్ధతిలో పది కోట్లకు పైగా అణువులను మూడు రోజుల్లో జల్లెడ పట్టి, పనికొస్తాయనిపించిన 23 అణువులను ఏరారు. హాలిసిన్ ఇంకా రోగులకు ఇచ్చే మందు కాలేదు. వెతుకులాట మాత్రం ఇక పాతరోజుల్లా ఏళ్ల తరబడి సాగదు.

ప్రింటర్‌లో అచ్చయిన తొలి మాత్ర

మూర్ఛ రోగులకు ఇచ్చే స్ప్రిటమ్ మాత్రను యంత్రంతో ఒత్తి చేయరు. పొడిని పలుచగా పరిచి, దాని మీద ద్రవపు చుక్కలు వేసి, మళ్లీ పొడి పరుస్తూ పొర మీద పొరగా త్రీడీ ప్రింటర్‌లో తయారుచేస్తారు. లోపల నిండా సన్నని రంధ్రాలుంటాయి. నోట్లో పెట్టుకుని గుక్కెడు నీళ్లు తాగితే వెయ్యి మిల్లీగ్రాముల మాత్ర కూడా కొన్ని సెకన్లలోనే విడిపోతుంది. మింగడానికి ఇబ్బందిపడే పిల్లలకు, వృద్ధులకు ఎంతో మేలు. 2015లో ఎఫ్‌డీఏ అనుమతి పొందిన తొలి త్రీడీ మాత్ర ఇదే.

ఒక్క మనిషి, ఇన్ని మందులు

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ప్రస్తావన లేకుండా మందుల రికార్డులు పూర్తికావు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములిద్దరిని బలితీసుకుంది. అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నాచితకా పనులు చేస్తూ హార్వర్డ్‌లో పరిశోధన చేశారు. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆమ్లం తయారీ సాధ్యమైంది. అదే స్ప్రూకు మందు. ఇవాళ ఊరూరా గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రల్లోనూ అదే ఉంది. అదే ప్రయోగశాల నుంచి 1947లో వచ్చిన డీఈసీ బోదకాలు నివారణకు మన ఊళ్లలో ఇంటింటికీ పంచే మాత్ర. 1948లో తొలి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్ వచ్చింది.

ఫోలిక్ ఆమ్లానికి విరుగుడుగా ఆయన బృందం చేసిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో రక్తక్యాన్సర్ ఉన్న పిల్లల్లో తొలిసారి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గడం చూపించారు. దాని తమ్ముడి లాంటి మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడుతున్న మందు. 1948 ఆగస్టులో 53 ఏళ్లకే సుబ్బారావు కన్నుమూశారు. ఇన్ని రోగాల మందుల వెనక నిలిచినా ఆయనకు నోబెల్ రాలేదు.

ఆరు నెలల కాపలా, 700 రెట్ల తేడా

హెచ్ఐవీ వైరస్ తన జన్యుపదార్థాన్ని శంకువు ఆకారంలో ఉన్న పెంకులో దాచుకుంటుంది. సుమారు 1,500 ప్రొటీన్ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటే ఆ పెంకు తయారవుతుంది. లెనకాపవిర్ అనే మందు ఆ ముక్కల సందుల్లో దూరి కూర్చుంటుంది. పెంకు సమయానికి విచ్చుకోలేదు, కొత్తది సరిగ్గా కట్టుకోలేదు. ఈ మందు నీళ్లలో దాదాపు కరగదు. అందుకే పొట్ట చర్మం కింద రెండు ఇంజెక్షన్లు చేస్తే అక్కడే నిల్వ ఉండి, ఆరు నెలల పాటు కొద్దికొద్దిగా రక్తంలోకి చేరుతుంది.

దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో యువతుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మందిలో ఒక్కరికీ హెచ్ఐవీ సోకలేదు. రోజూ మాత్ర వేసుకోవాల్సిన రెండు బృందాల్లో 55 మందికి సోకింది. ఇంట్లో మాత్రల సీసా కనబడితే ప్రశ్నలు ఎదుర్కొనే ఆడపిల్లకు ఏడాదికి రెండుసార్లు ఇంజెక్షన్లంటే ఎంత ఊరటో ఊహించవచ్చు.

2025 జూన్‌లో నివారణ మందుగా అమెరికాలో అనుమతి వచ్చింది. అప్పుడు అక్కడి ధర ఏడాదికి 28,218 డాలర్లు. దీన్ని తయారుచేసే గిలియడ్ సంస్థ 120 దేశాల కోసం ఆరు కంపెనీలకు తయారీ లైసెన్సు ఇచ్చింది. వాటిలో డాక్టర్ రెడ్డీస్, హెటిరో హైదరాబాద్‌వే. 2027 నుంచి ఏడాదికి సుమారు 40 డాలర్లకే ఇస్తామని 2025 సెప్టెంబర్‌లో ఆ రెండూ ప్రకటించాయి. తేడా 700 రెట్లు.

ఈ ఒరవడి మనకు కొత్త కాదు. హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో ఏ.వి.రామారావు బృందం హెచ్ఐవీ మందు ఏజడ్‌టీని చౌకగా తయారుచేసే పద్ధతి కనిపెట్టి సిప్లాకు ఇచ్చింది. 2001లో సిప్లా మూడు మందుల చికిత్సను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామంది. అప్పటికి పాశ్చాత్య కంపెనీల ధర పదివేల డాలర్ల పైమాటే. ఆఫ్రికాలో లక్షల ప్రాణాలు నిలిచింది ఆ ధర దిగాకే. కొత్త అణువును కనిపెట్టినవారికి దక్కే గౌరవంలో, దాన్ని పేదవాడికి అందే ధరకు దించిన రసాయన శాస్త్రవేత్తలకూ సమాన వాటా ఉండాలి. మందుల రికార్డుల పుస్తకంలో ఆ పేజీలు రాస్తున్నవారిలో మనవాళ్లు ముందు వరసలో ఉన్నారు.