తులసిదళమునందలి సంశయము

దేవనకొండ, ఆదోని ప్రాంతపుఁ బల్లెలలో శిశువునకు జ్వరము వచ్చినపుడు వైద్యుని మందుచీటియు, మాంత్రికుఁడు గట్టిన తాయెత్తును ఒక్కయింటనే కానవచ్చుట వింత గాదు. గోదావరిసీమయందును ఇంతే. బిడ్డ కోలుకొన్న పిమ్మట ఆ యిల్లాలు దేనికి మ్రొక్కవలెనో తెలియక రెండింటికిని మ్రొక్కును. ఈ గృహసంశయమునే కథకుఁ బ్రాణముగాఁ జేసికొన్న తెలుఁగు నవలలలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది యండమూరి వీరేంద్రనాథ్ రచించిన 'తులసిదళం'. ఇది 1980 ప్రాంతమున ఆంధ్రభూమి వారపత్రికయందు ధారావాహికముగా వెలువడినది.

కథ సంగ్రహముగా నిది. శ్రీధర్, శారద యను దంపతుల కూఁతురు తులసి. ఆ బాలిక పేర గొప్ప ధనమొకటి వ్రాయఁబడును. నియతవయస్సు చేరకమున్నే ఆమె మరణించినచో ఆ ధనము వేఱొకచోటికిఁ బోవును. దానిని గోరినవారు కాద్రా యను మాంత్రికునిచేఁ 'కాష్మోరా' యను క్షుద్రప్రయోగమును జేయింతురు. బాలిక క్షీణింపఁజొచ్చును. శాస్త్రజ్ఞులు వ్యాధికిఁ గారణమును, మఱికొందఱు మంత్రమునకుఁ బ్రతిక్రియను వెదకుదురు. ఈ రెండు యత్నములు నొక్కకాలముననే సాగి యొక్కచోటనే ముగియును. బాలిక బ్రదుకును. ఏది బ్రదికించెనో పాఠకుఁడే నిర్ణయించుకొనవలెను.

ఇట్టి సంశయము మన లాక్షణికులు చెప్పిన సందేహాలంకారము గాదు. ముఖమో చంద్రుఁడో యని కవి పలికినపుడు వానికి నిజముగ సందేహము లేదు. అది సాదృశ్యమును జెప్పు నేర్పు మాత్రమే. ద్వ్యర్థికావ్యపద్ధతియుఁ గాదు. పింగళి సూరన రాఘవపాండవీయమున నొక్క పద్యమే రామకథగను భారతకథగను అన్వయించును. రెండర్థములును నిలుచును, ఒకటి రెండవదానిని ద్రోయదు. తులసిదళమున నట్లు గాదు. మందు నిజమైనచో మంత్రము కల్ల, మంత్రము నిజమైనచో మందు వ్యర్థము. ప్రకృతికారణమా, అతిప్రకృతికారణమా యని చదువరి యూఁగిసలాడుటయే ఇట్టి కథలకు జీవమని త్స్వేతాన్ తొదొరోవ్ 1970లో ఫ్రెంచిభాషలో వెలువరించిన గ్రంథమున నిరూపించెను.

యండమూరి 1948లో రాజోలునందు జన్మించెను. చార్టర్డ్ అకౌంటెంటు పరీక్షలో నుత్తీర్ణుఁడై రాష్ట్ర ఆర్థికసంస్థయందును, తరువాత 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైన ఆంధ్రాబ్యాంకునందును ఉద్యోగము చేసి, పిదప దానిని వీడి రచననే వృత్తిగాఁ గొనెను. ఉద్యోగికి వారపత్రిక యొకవిధముగ అనుకూలమే. వారమునకు నియమితమైన కొన్నిపుటలు, వానికొక గడువు. కాని యా గడువే ప్రతిభాగము చివర నొక ప్రశ్నను నిలుపు మనును. నవలకుఁ బూర్వము నాటకములు వ్రాసినవాఁడగుటచే నాతని వాక్యములు పొట్టివి, సంభాషణలు చుఱుకైనవి, వర్ణన తక్కువ. భయము విశేషణములచేఁ గాక వివరములచేఁ బుట్టును. ధనము, దస్తావేజు, గడువు, రోగలక్షణము — ఇవన్నియు లెక్కపుస్తకమునందువలె నమర్చఁబడును. జంటపద్దు విధానమున నొక్క వ్యవహారము రెండు ఖాతాలకెక్కునట్లు, ఇందుఁ బ్రతిసంఘటనయు మంత్రపుఖాతాలోను వైద్యపుఖాతాలోను వ్రాయఁబడినది. వృత్తి రచనకు అడ్డమే గాక ముడిసరకును గావచ్చును. లండనులో లైసియం నాటకశాల వ్యవహారములు నడపిన బ్రామ్ స్టోకరు 1897లో 'డ్రాక్యులా'ను దినచర్యలతోను, లేఖలతోను, తంతివార్తలతోను గూర్చుట యిట్టిదే.

అయినను రెండు ఖాతాలును సరితూగినవా? హెన్రీ జేమ్సు 1898నాఁటి 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ'లో దయ్యములనుగూర్చి చెప్పునది కథలోని యుపాధ్యాయిని యొక్కతెయే. ఆమె మాట నమ్మవచ్చును, మానవచ్చును. తులసిదళమునఁ గాద్రా చేయు తంతును గథకుఁడే స్వయముగఁ జెప్పును. బాలిక యింటివా రెవ్వరును జూడని చోటునకుఁ జదువరిని గొనిపోవును. కథకుఁడు తన నోటఁ బలికినదానిని శంకించుటకుఁ జదువరికి హక్కు లేదు. కావునఁ ద్రాసు మంత్రమువైపే మొగ్గినది.

రంగనాయకమ్మ యీ నవలపైఁ గఠినమైన విమర్శ వ్రాసి, యిది మూఢవిశ్వాసమును బెంచునని యధిక్షేపించెను. కొందఱు దానిని రసజ్ఞతలేని విమర్శ యనిరి. ఆ మాట చెల్లదు. చేతబడి, బాణామతి చేసిరను నిందమోపి మనుష్యులను గొట్టి చంపిన నేలపై, 'కావచ్చును' అను మాటకును బరువున్నది. సంశయమును గళగాఁ గొనిన రచయిత తుదివఱకు సమముగఁ దూఁచి యుండినచో నా యధిక్షేపమునకు సగము సమాధానము దొరకెడిది.

ఈ కథకే యుత్తరభాగముగ 'తులసి' వెలువడినది. దానిని 1986లోఁ దెలుఁగుచలనచిత్రముగాఁ దీసినపుడు బాలిక పేరు తొలఁగి 'కాష్మోరా' యను ప్రయోగము పేరే చిత్రమునకు నిలిచినది.