నెల తప్పిన తరువాత



మన ఇళ్లలో కోడలు నెల తప్పితే, "నీళ్లు పోసుకుంది" అని పెద్దవాళ్లు గుసగుసగా చెప్పుకుంటారు. మూడో నెల నిండేదాకా బయటికి పొక్కనివ్వరు. ఆ ఆచారం మాట ఎలా ఉన్నా, ఆశా కార్యకర్తకో, నర్సమ్మకో మాత్రం మొదటి నెలలోనే చెప్పాలి. ఎందుకంటే బిడ్డ మెదడు, వెన్నుపాము రూపుదిద్దుకునేది ఆ తొలి వారాల్లోనే. అందుకు అవసరమైన ఫోలిక్ ఆమ్లం మాత్రలు అప్పుడే మొదలుపెట్టాలి.

నెల తప్పడం, వికారం, రొమ్ముల సలుపు, నీరసం, మాటిమాటికీ మూత్రానికి వెళ్లడం గర్భం తొలి గుర్తులు. అయితే థైరాయిడ్ లోపం వల్ల, దిగులు వల్ల కూడా నెల తప్పవచ్చు. బిడ్డకు పాలిచ్చే తల్లికి ముట్టు రాకుండానే మళ్లీ గర్భం నిలవవచ్చు. కాబట్టి ఊహతో సరిపెట్టుకోకండి, పరీక్ష చేసుకోండి.

గర్భం నిలిచాక హెచ్.సి.జి. అనే హార్మోను తయారై మూత్రంలోకి వస్తుంది. పరీక్ష పట్టీ కనిపెట్టేది దానినే. 'నిశ్చయ్' అనే పట్టీని ఆశా కార్యకర్తల ద్వారా ఉచితంగా ఇస్తారు. మందుల దుకాణాల్లోనూ పట్టీలు దొరుకుతాయి. రావలసిన తేదీ దాటాక, పొద్దున లేవగానే వచ్చే మూత్రాన్ని శుభ్రమైన గిన్నెలో పట్టండి. చీటీలో చెప్పినన్ని చుక్కలు గుంటలో వేసి, చెప్పినంతసేపు ఆగండి. సాధారణంగా ఐదు నిమిషాలు చాలు.

పట్టీ మీద రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. నెలవంకలా ఉండేది 'సి'. నిట్రాడి మీద అడ్డదూలం పెట్టినట్టుండేది 'టి'. రెండింటి దగ్గరా గీతలు వస్తే గర్భం. 'టి' గీత మసకగా ఉన్నా గర్భమనే అనుకోవాలి. 'సి' దగ్గర మాత్రమే వస్తే అప్పటికి లేనట్టు. ముట్టు రాకపోతే వారం ఆగి మళ్లీ చూసుకోండి. 'సి' దగ్గర గీతే రాకపోతే ఆ పట్టీ పనికిరాదు, ఇంకొకటి వాడాలి.

గర్భమని తేలితే ఆసుపత్రిలో పేరు రాయించుకోండి. అక్కడ మొదట అడిగేది చివరి ముట్టు మొదలైన తేదీ. కన్నడంలో "కొనెయ ముట్టు" అన్నా, తమిళంలో "కడైసి మాదవిడాయ్" అన్నా అడుగుతున్నది అదే. ఆ తేదీకి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే కాన్పు అంచనా తెలుస్తుంది. జనవరి 10 అయితే అక్టోబరు 17 అన్నమాట. కనుక ప్రతి నెలా కేలండర్‌లో గుర్తు పెట్టుకోండి.

ఒక హెచ్చరిక. పొత్తికడుపులో, ముఖ్యంగా ఒక పక్క, తీవ్రమైన నొప్పి, రక్తస్రావం, కళ్లు తిరగడం ఉంటే క్షణం ఆలస్యం చేయకండి. గర్భసంచి బయట, నాళంలో పిండం నిలిచి ఉండవచ్చు. పట్టీ ఆ తేడా చెప్పలేదు. నాళం పగిలితే ప్రాణానికే ముప్పు. 108కి ఫోన్ చేయండి.

గర్భం వద్దనుకునేవారు దుకాణంలో మాత్రలు కొని మింగవద్దు. చట్టప్రకారం సురక్షితంగా చేసే డాక్టర్లున్నారు, మీ పేరు గోప్యంగా ఉంచుతారు.

అత్తమ్మలారా, కోడలు పరీక్ష చేసుకుంటానంటే సిగ్గుపెట్టకండి, పక్కన నిలబడండి. సెలవు.